అమ్మా, కాసేపు కూర్చోండి



ఈ నెల 'టీచర్ మాట'లో పిల్లల చదువు గురించి కాకుండా, ఆ పిల్లల్ని రోజూ తయారుచేసి బడికి పంపే అమ్మల గురించి రాయాలనుకున్నాను. నాన్నలు, నాన్నమ్మలు, తాతయ్యలు కూడా చదవండి. మీకు చెప్పాల్సిన మాటలు కూడా ఇందులో ఉన్నాయి.

నేను మన రావికమతం బ్రాంచిలో ఇంగ్లీష్ చెబుతాను. ఆరో తరగతికి క్లాస్ టీచర్ని. పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున నా ఎదురుగా కుర్చీలో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది అమ్మలే. వంట ముగించి, పొలం పనో కుట్టు పనో మధ్యలో ఆపి, చిన్నవాణ్ని చంకనేసుకుని వస్తారు. నేను ప్రోగ్రెస్ కార్డు తెరవకముందే చాలామంది అనే మాట ఒకటుంది. "తప్పు నాదే మేడమ్. ఇంటికాడ నేనే సరిగ్గా కూకోబెట్టి సదివించట్లేదు."

మొన్నటి మీటింగ్‌లో ఒక బాబుకి ఎఫ్ఏ పరీక్షలో ఇంగ్లీష్‌లో 20కి 17 వచ్చాయి. బాగా చదివే పిల్లవాడు. వాళ్లమ్మ ఆ కార్డు చూసి, పోయిన మూడు మార్కులకు నాకు క్షమాపణ చెప్పారు. వచ్చిన పదిహేడు మార్కులు మాత్రం "మీ దయ మేడమ్" అన్నారు. మార్కులొస్తే మేడమ్ గొప్ప, మార్కులు పోతే అమ్మ తప్పు. ఈ లెక్క నాకు ఎంతకీ మింగుడుపడలేదు. ఆవిడ ఒక్కరే అయితే ఆవిడతోనే మాట్లాడి ఊరుకునేదాన్ని. కానీ ఆ రోజు వచ్చిన అమ్మల్లో చాలామంది ఇదే లెక్క వేశారు.

ఒక రోజు ఎలా గడుస్తుందో చూద్దాం

ఇది డిసెంబరు. ఇటు కొండల వైపు నుంచి వచ్చే చలికి తెల్లవారుజామున దుప్పట్లోంచి కాలు బయటపెట్టడమే కష్టం. మన స్కూలు బస్సు కొన్ని ఊళ్లకు ఏడు గంటలకే వస్తుంది. అంటే అమ్మ నాలుగున్నరకు లేవాలి. వాకిలి ఊడ్చి కళ్లాపి జల్లి ముగ్గు పెట్టాలి. నీళ్లు కాచాలి. అత్తగారికి, మామగారికి టీ ఇవ్వాలి. టిఫిను చేయాలి, క్యారేజీలు కట్టాలి. పెద్దవాడికి అన్నం, చిన్నదానికి చపాతీ. యూనిఫాం ఇస్త్రీ, టై, బెల్టు, ఐడీ కార్డు, షూ పాలిష్. 'అమ్మా, నా డైరీలో సంతకం' అని చివరి నిమిషంలో ఒక కేక. బస్సు వెళ్లిపోయాక ఇంకో రోజు మొదలవుతుంది. పశువులు, పొలం, కుట్టు మిషను, షాపు, సచివాలయం ఉద్యోగం, ఎవరి పని వాళ్లకు. సాయంత్రం మళ్లీ స్నానాలు, హోంవర్కు, వంట, గిన్నెలు, రేపటి ఇడ్లీకి పిండి రుబ్బడం. పది దాటాక స్కూలు వాట్సాప్ గ్రూపు తెరిస్తే, 'ఎల్లుండి ప్రాజెక్టుకి చార్టు, స్కెచ్ పెన్నులు పంపండి' అని ఒక మెసేజ్.

ఇదంతా అయ్యాక మంచం మీద వాలినప్పుడు ఆ అమ్మకు వచ్చే ఆలోచన 'ఇవాళ ఇంత పని చేశాను' అని కాదు. 'పిల్లలతో పది నిమిషాలు సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఊరికే విసుక్కున్నాను, నేనేం అమ్మని' అని.

నాకు మూడేళ్ల పాప ఉంది. దాన్ని పడుకోబెట్టి నోట్‌బుక్స్ దిద్దుకుంటూ కూర్చున్నప్పుడు, అటు అమ్మగానూ ఇటు టీచరుగానూ సగం సగమే చేస్తున్నానేమో అని నాకూ అనిపిస్తుంది. అందుకే ఇది ఎవరికో చెప్పే నీతిపాఠంలా కాకుండా, మీ పక్కన కూర్చుని చెప్పే మాటలా తీసుకోండి.

ఈ పనికి లెక్క ఉంది

ఇంటి పనికి జీతం లేదు కాబట్టి లెక్క కూడా లేదనుకుంటాం. లెక్క ఉంది. మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు ఇంటింటికీ వెళ్లి, ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో అడిగి రాసుకున్నారు. 2024 సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. ఇంట్లో పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పనిని వేరుగా లెక్కవేశారు. అందులో ఆడవాళ్లవి 137 నిమిషాలు, మగవాళ్లవి 75 నిమిషాలు. ఇవి ఆ పనులు చేసే ఆడవాళ్ల, మగవాళ్ల సగటు మాత్రమే. అసలు ఆ పనుల్లో చెయ్యి పెట్టని మగవాళ్లు ఈ లెక్కలోకి రారు.

289 నిమిషాలంటే దాదాపు అయిదు గంటలు. మన స్కూల్లో ఒక పీరియడ్ నలభై నిమిషాలు. ఆ లెక్కన అమ్మ రోజూ ఏడు పీరియడ్లు ఇంటి పనే చేస్తోంది. ఏడు పీరియడ్లు వరసగా నిలబడి పాఠం చెప్పిన టీచరుకు కాళ్లు లాగుతాయని అందరూ ఒప్పుకుంటారు. అమ్మ అలసిపోతే మాత్రం అదేదో ఆమె లోపమన్నట్టు ఆమే అనుకుంటుంది. అలసట లోపం కాదు. ఇంత పని చేసిన ఒళ్లు ఇచ్చే జవాబు.

కొన్నిసార్లు రక్తంలోనే కారణం ఉంటుంది

మా అమ్మ చెరకు పొలంలో పనిచేసి, మిగతా వేళల్లో జాకెట్లు కుట్టి నన్ను బీఈడీ దాకా చదివించింది. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఆవిడ తరచూ ఒక మాట అనేది. "బద్దకం బలిసిపోయిందే నాకు. రెండు బిందెలు మోస్తే ఆయాసం వచ్చేస్తంది." పని చేస్తూనే తనను తాను తిట్టుకునేది. ఒకరోజు నీళ్లు తెస్తూ కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. హిమోగ్లోబిన్ ఏడు చిల్లర ఉంది. గర్భవతులు కాని ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. ఆవిడ బద్ధకం అని పేరు పెట్టుకున్నది బద్ధకం కాదు. ఒంట్లో రక్తం లేకపోవడం. కొన్ని నెలలు మందులు వాడాక అదే మనిషి, అదే బిందెలు, ఆయాసం లేదు.

ఇది మా ఇంటి కథే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఈ పత్రిక చదువుతున్న పది మంది అమ్మల్లో అయిదారుగురికి ఉండే అవకాశం ఉంది.

కాబట్టి 'ఈ మధ్య ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదు, ఊరికే కోపం వస్తోంది, మెట్లు ఎక్కితే గుండె దడ' అనిపిస్తుంటే, ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపి రక్త పరీక్ష చేయించుకోండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. అవసరమైతే ఐరన్ మాత్రలు అక్కడే ఇస్తారు. డాక్టరు చెబితే థైరాయిడ్ కూడా చూపించుకోండి. తోటకూర, మునగాకు వండినప్పుడు చివర్లో అందరికీ వడ్డించి అడుగున మిగిలింది కాకుండా, మీ వాటా ముందే ఒక గిన్నెలో తీసిపెట్టుకోండి. పైన కాస్త నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే టీ తాగితే అది సరిగ్గా పట్టదు. టీకి ఒక గంట ఆగండి.

నూటికి నూరు అక్కర్లేదు

బీఈడీలో సైకాలజీ పేపరు కోసం పియాజే, వైగోట్‌స్కీల గురించి చదివాను. నాకు బాగా పనికొచ్చిన పేరు మాత్రం పాప పుట్టాక తెలిసింది. డొనాల్డ్ విన్నికాట్ అని ఇంగ్లండుకు చెందిన పిల్లల డాక్టరు, మానసిక విశ్లేషకుడు. ఎంతోమంది తల్లుల్ని, పసిపిల్లల్ని దగ్గర నుంచి చూసిన ఆయన, 1953లో 'గుడ్ ఎనఫ్ మదర్' అనే మాట వాడారు. అంటే 'చాలినంత మంచి అమ్మ'. బిడ్డ మరీ పసిగా ఉన్నప్పుడు అమ్మ దాదాపు ప్రతిదీ అడగకముందే అందిస్తుంది. బిడ్డ పెరిగే కొద్దీ కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. పిలిచిన వెంటనే రాదు, అడిగినవన్నీ ఇవ్వదు. ఆ చిన్న చిన్న లోట్ల వల్లనే బిడ్డ ఓపిక పట్టడం, తన పని తాను చేసుకోవడం నేర్చుకుంటుందని ఆయన చెప్పారు. ఏ లోటూ రానివ్వని అమ్మ పిల్లలకు అవసరం లేదన్నమాట.

క్లాసులో నేను చూసేది కూడా ఇదే. బ్యాగు తనే సర్దుకునే పిల్ల ఒకరోజు పుస్తకం మర్చిపోతుంది. మరుసటి రోజు మర్చిపోదు. రోజూ అమ్మ సర్దిపెట్టే పిల్లవాడు పుస్తకం లేకపోతే "మా అమ్మ పెట్టలేదు టీచర్" అంటాడు. మీరు ఒక పని వదిలేసిన చోట మీ బిడ్డ ఒక పని నేర్చుకుంటుంది.

మనకు మనం ఏం చెప్పుకుంటున్నాం?

అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి తన మీద తాను దయ చూపించుకోవడం గురించి 2003 నుంచి పరిశోధన పత్రాలు రాస్తున్నారు. ఆమె చెప్పే మూడు విషయాలు మన మాటల్లో ఇలా ఉంటాయి. ఒకటి, పొరపాటు జరిగినప్పుడు మనల్ని మనం తిట్టుకోకుండా ఆప్తురాలితో మాట్లాడినట్టు మాట్లాడుకోవడం. రెండు, ఈ కష్టం నా ఒక్కదానిదే కాదు, అందరు మనుషులకూ ఉన్నదే అని గుర్తుంచుకోవడం. మూడు, బాధను దాచిపెట్టకుండా, అలాగని కొండంత చేసుకోకుండా, 'అవును, ఇవాళ నాకు కష్టంగా ఉంది' అని ఉన్నది ఉన్నట్టు చూసుకోవడం.

వినడానికి ఏదో పుస్తకాల మాటలా ఉందా? ఒక చిన్న పని చేసి చూడండి. మీ డ్వాక్రా గ్రూపులో ఉన్న మీ స్నేహితురాలు వచ్చి, "పొద్దున్న పిల్లాడి మీద అరిచేశానే, ఏడుస్తా బస్సెక్కాడు" అని చెప్పిందనుకోండి. మీరు ఆమెను "నువ్వు అమ్మవేనా?" అంటారా? అనరు. "పోనీలేవే, ఎంత పనిలో ఉన్నావో నువ్వు. సాయంత్రం వచ్చాక దగ్గరికి తీసుకో" అంటారు. టీ పెట్టి ఇస్తారు. పక్కింటావిడకు ఇచ్చే ఆ మాటా, ఆ టీ గ్లాసూ మీకు మీరు ఎందుకు ఇచ్చుకోరు?

'అలా మనల్ని మనం ఓదార్చుకుంటూ కూర్చుంటే పనులు సాగుతాయా? ఒళ్లు బద్ధకం అవదూ?' అని కొందరు అమ్మలు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. నా క్లాసు అనుభవంతో జవాబు చెబుతాను. స్పెల్లింగ్ తప్పు చెప్పిన పిల్లను అందరి ముందూ తిడితే, ఆ పిల్ల మరుసటి రోజు చెయ్యి ఎత్తదు. "పర్లేదమ్మా, ఇంకోసారి చూడు" అంటే మళ్లీ ప్రయత్నిస్తుంది. తిట్లతో పిల్లలు మెరుగుపడరని మనకు తెలుసు. మరి అమ్మలు మాత్రం తిట్లతో ఎలా మెరుగుపడతారు, ఆ తిట్టేది తమను తామే అయినా?

ఖాళీగా వదిలేసిన గీత

సింపుల్ ప్రెజెంట్ టెన్స్ చెప్పాక మా ఆరో తరగతి పిల్లలకు ఒక వర్క్‌షీట్ ఇచ్చాను. అమ్మ గురించి వాక్యాలు పూర్తిచేయాలి. అమ్మ ఎన్ని గంటలకు లేస్తుంది, ఏం వండుతుంది, ఏం పని చేస్తుంది, ఇవన్నీ అందరూ చకచకా రాసేశారు. ఒక వాక్యం దగ్గర మాత్రం చాలా పెన్నులు ఆగిపోయాయి. 'మా అమ్మకు తినడానికి ఇష్టమైనది' అన్న చోట గీత ఖాళీగా వదిలేశారు. కొందరు తమకు ఇష్టమైన కూర పేరు రాశారు. ఒక పాప లేచి, "టీచర్, మా అమ్మ అన్నీ తింటుంది. ఏదైనా పర్లేదంటుంది. ఏం రాయాలి?" అని అడిగింది.

ఆ పిల్లలు అమ్మను ప్రేమించడం లేదని కాదు. అమ్మకు ఒక ఇష్టం ఉంటుందన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మన ఆడపిల్లలు అమ్మ అంటే ఎలా ఉండాలో మన మాటల నుంచి నేర్చుకోరు, మనల్ని చూసి నేర్చుకుంటారు. చల్లారిన అన్నం నిలబడి తినే అమ్మను చూసిన పాప, రేపు తనూ అలాగే తింటుంది. చూసిన బాబు, రేపు తన భార్య అలా తినడం మామూలే అనుకుంటాడు. అమ్మ కూర్చుని వేడిగా భోంచేయడం కూడా పిల్లలకు ఒక పాఠమే.

రేపటి నుంచి చేయగలిగినవి

పెద్ద పెద్ద మార్పులు అక్కర్లేదు. స్పాలు, విహారయాత్రలు మనకు కుదిరేవి కావు. ఇవి కుదురుతాయి.

రోజులో పదిహేను నిమిషాలు మీవి అని ఇంట్లో అందరికీ చెప్పండి. బస్సు వెళ్లాక టీ తాగే సమయమైనా సరే. ఆ కాసేపు కూర్చునే తాగండి.

పిల్లలకు వయసుకు తగ్గ పని అప్పగించండి. నర్సరీ పాప తన షూ అరలో పెట్టగలదు. మూడో తరగతి బాబు తన క్యారేజీ కడగగలడు. ఆరో తరగతికి వచ్చినవాళ్లు బ్యాగు, యూనిఫాం తామే చూసుకోగలరు. బాబు, పాప అని తేడా వద్దు. సరిగ్గా చేయకపోయినా మళ్లీ మీరు చేయకండి.

హోంవర్కు పూర్తి కాకపోతే పదిన్నర దాకా కూర్చోబెట్టి ఇద్దరూ ఏడవకండి. డైరీలో 'ఇవాళ కుదరలేదు' అని రాసి పంపండి. ఆ ఒక్క వాక్యం చాలు, మేం అర్థం చేసుకుంటాం. ప్రాజెక్టు సామాన్ల సంగతి వారం ముందే చెప్పమని మమ్మల్ని అడగండి. అది అడిగే హక్కు మీకుంది.

ఇక నాన్నలకు ఒక మాట. డైరీలో 'పేరెంట్ సంతకం' అని ఉంటుంది, 'మదర్ సంతకం' అని లేదు. మా క్లాసు డైరీల్లో దాదాపు అన్నీ అమ్మల సంతకాలే. వారంలో మూడు రోజులు ఆ సంతకం మీరు పెట్టండి. అది పెట్టాలంటే ఏం పాఠం జరిగిందో చూడాలి, ఏం పంపాలో చదవాలి. ఇంట్లో 'సాయం' చేయమని అడగడం లేదు. సాయం అంటే వేరేవాళ్ల పనిలో చెయ్యి వేయడం. ఇల్లు మీది కూడా.

నాన్నమ్మలకూ ఒక మనవి. మీరూ ఈ రోజులన్నీ దాటి వచ్చినవాళ్లే. 'మా కాలంలో మేం ఇంతకన్నా చేశాం' అనే మాట నిజమే. దానికి ముందు 'కాసేపు నడుం వాల్చమ్మా' అన్న మాట ఒకటి కలిపితే, మీ ఇంటి కోడలికి అది ఏ మందూ ఇవ్వని బలం ఇస్తుంది. సంక్రాంతి వస్తోంది. ఇల్లంతా దులపడం, అరిసెలు, జంతికలు, చుట్టాలు. ఈసారి పిండివంటల దగ్గర ఇంట్లో అందరూ కూర్చోండి. రెండు కేజీలు తగ్గినా పండగ తగ్గదు.

ఒక ముఖ్యమైన విషయం. కొన్ని అలసటలు నిద్రతో తీరవు. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోవడం, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, 'నేను లేకపోతేనే నయం' అన్న ఆలోచన రావడం, ఇవి ఉంటే ఒంటరిగా మోయకండి. ముఖ్యంగా ఆ చివరి ఆలోచన వస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే ఇంట్లో నమ్మకమైన మనిషికి చెప్పండి. డాక్టరును కలవండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడం ఎంత మామూలో ఇదీ అంతే.

చివరగా, ఈ నెల మా ఆరో తరగతి పిల్లలకు ఒక హోంవర్కు ఇస్తున్నాను. అమ్మను మూడు ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకురావాలి. నీకు తినడానికి ఏం ఇష్టం? నీకు ఖాళీ దొరికితే ఏం చేస్తావు? నీ పనుల్లో నేను ఏది చేయను? మిగతా తరగతుల పిల్లలు కూడా అడగవచ్చు. అమ్మలూ, దయచేసి ఆలోచించి జవాబు చెప్పండి. 'నాకేదైనా పర్లేదు' అన్న జవాబుకు మాత్రం మార్కులు లేవు.

మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్,
రావికమతం బ్రాంచి